మా తమ్ముడు, తెల్ల గుడ్లగూబ, ఆగిపోయిన లిఫ్టు

మా తమ్ముడు అబద్ధాలకోరు. ముందే చెప్పేస్తున్నా, తర్వాత నన్నడక్కండి. చెడ్డవాడా అంటే కాదు. ఎవరి కొంపా ముంచలేదు, ఎవరి సొమ్మూ తినలేదు. ఊరికే చెప్తాడంతే. ఉన్నదానికి నాలుగు తోకలు తగిలించి బయటికి వదుల్తాడు. మా అమ్మ కడుపులో ఉన్నప్పుడు కూడా వీడు నోరు మూసుకుని ఉండి ఉండడు.

ఎనిమిదేళ్ళప్పుడు సందులోకి పులొచ్చిందని కేకలు పెడుతూ ఇంట్లోకి దూరాడు. మా నాన్న కర్ర పట్టుకుని, పక్కింటాయన గునపం పట్టుకుని బయల్దేరారు. తీరా చూస్తే ఎవరో ఒలకబోసిన పెయింటులో పొర్లిన కుక్క. పసుప్పచ్చగా నిలబడి తోకాడిస్తోంది.

"దూరం నించి పులిలాగే ఉందమ్మా" అన్నాడు.

"దగ్గర్నించి నువ్వు గాడిదలాగే ఉన్నావు" అంది మా అమ్మ.

చదువు అబ్బలేదు. నాకు అబ్బిందా అంటే నేనూ మూడో తరగతితోనే సరి. కాకపోతే నేను ఒప్పుకుంటాను, వీడు కాలేజీ దాకా వెళ్ళానంటాడు. వెళ్ళిన మాట నిజమే. కాలేజీలో లిఫ్టు పాడైతే వెళ్ళాడు.

అదీ వాడి పని, లిఫ్టులు బాగుచెయ్యడం. మీకు లిఫ్టంటే తలుపులు, మీటలు, మొహం చూసుకునే అద్దం. వాడికి కనపడేది వేరు. మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన చిన్న గది ఒకటుంటుంది, మిషను గదంటారు. అందులో మోటారు, దాని పక్కన బండి చక్రమంత చక్రం, దాని మీంచి నేలలో కన్నంలోకి దిగిపోయే ఇనప తాళ్ళు. మీరు కింద అద్దంలో బొట్టు సరిచేసుకుంటుంటే పైన ఆ తాళ్ళే మిమ్మల్ని మోస్తుంటాయి. వాటికి గ్రీజు పూసేది మా తమ్ముడు. ఊళ్ళో సగం మేడల పైకప్పులు వాడికి తెలుసు. ఏ మేడ మీద గాలెక్కువో, ఎక్కడ కూచుంటే డబ్బా విప్పుకుని తినడానికి నీడ దొరుకుతుందో, ఏ ట్యాంకు కారుతోందో, అక్కడికి నీళ్ళకి ఏ పిట్టలొస్తాయో అన్నీ తెలుసు.

పెళ్ళి కాలేదు. ఒక సంబంధం కుదిరినట్టే కుదిరింది. అబ్బాయేం చేస్తాడని వాళ్ళడిగితే విమానాలు బాగుచేస్తానన్నాడు. పిల్ల తండ్రి పనిచేసేది విమానాశ్రయంలోనే. అంతే సంగతులు. అప్పట్నించీ నా దగ్గరే ఉంటాడు, వెనక గదిలో. ఐదంతస్తుల మేడలో నాలుగో అంతస్తు మాది. ఈ మేడ లిఫ్టు కూడా వాడి చేతిలోదే. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, నా మోకాళ్ళ కథంతా అందులోనే ఉంది.

ఇలాంటివాణ్ణి పిట్టలు చూసేవాళ్ళ గుంపులో చేర్చుకున్న మహాతల్లి ఒక లెక్కల టీచరమ్మ. ఉద్యోగం చేసి చేసి మానేసింది. ఒకసారి ఆవిడ లిఫ్టులో రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయింది. వీడు పైన తాళ్ళ దగ్గర కూచుని, ఆవిడ భయపడకుండా కన్నంలోంచి గట్టిగా కబుర్లు చెప్పాడట. డేగ గాల్లోనే పావురాన్ని ఎలా తన్నుకుపోయిందో, వడ్రంగిపిట్ట కరెంటు స్తంభాన్ని చెట్టనుకుని ఎన్నాళ్ళు పొడిచిందో. తలుపు తెరుచుకున్నాక ఆవిడ థాంక్సు కూడా చెప్పకుండా, "ఆదివారం పొద్దున్నే చెరువుగట్టుకి రండి" అంది. పాపం, అప్పటికి ఆవిడకి మావాడి సంగతి తెలీదు.

వాళ్ళు ప్రతి ఆదివారం మెళ్ళో దుర్భిణులు వేలాడేసుకుని చెరువు చుట్టూ తిరుగుతారు. తిరిగొచ్చి బెంచీ మీద కూచుని లెక్క రాస్తారు. లెక్కలు రెండు. ఒకటి ఏడాది లెక్క, రెండోది జన్మ లెక్క. జన్మ లెక్కలో ఒకసారి ఎక్కిన పిట్ట మళ్ళీ దిగదు. ఏడాది లెక్క మాత్రం జనవరి ఒకటిన సున్నా అయిపోతుంది. కాకిని కూడా మళ్ళీ కొత్తగా చూడాల్సిందే. ఆ రోజు పొద్దున్నే వీళ్ళు బాల్కనీల్లో నిలబడి కాకి కోసం మెడలు చాచుతుంటే చూడాలి, దూరదేశం నించి పెళ్ళికొడుకు దిగుతున్నట్టు. నిన్నటి దాకా హుష్ అని తోలిన కాకే!

ఎవరెన్ని చూశారన్నదాంట్లో మళ్ళీ పోటీ. అందరికంటే ముందుండేది మా మేడ సెక్రటరీ. రెండో అంతస్తాయన. ఆయన్ని మేమంతా నోటీసు అంటాం. మెట్ల మీద చెప్పులు విడవరాదు, తడిబట్టలు ఆరేయరాదు, గట్టిగా తుమ్మరాదు, అన్నిటికీ ఒక కాయితం అంటిస్తాడు. ఈ ఏడు ఆయన కంటే ఒక్క పిట్ట ఎక్కువ చూసి మందుల షాపాయన ముందుకెళ్ళాడు. అప్పట్నించీ నోటీసుకి నిద్ర లేదు, తలనొప్పి మాత్రకి కూడా వేరే షాపుకి పోతున్నాడు.

మరి మా తమ్ముడు? చేరిన మొదటి నెల్లోనే, పాత సినిమా హాలు నీళ్ళ ట్యాంకు మీద రాజహంస వాలిందన్నాడు.

"ఎన్ని?" అంది టీచరమ్మ పెన్సిలు పట్టుకుని.

"ఒకటే మేడం. కానీ చాలా పెద్దది. నన్ను చూసి తల ఊపింది."

టీచరమ్మ రాసింది. రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది. ఇంకొకళ్ళు చూసేదాకా అది అలాగే ఉంటుందంది. మిగతావాళ్ళకి నోటి మాట చాలు, ఈ రూలు వీడొక్కడి కోసం పుట్టింది. అందరితో కలిసి చూసిన పిచ్చుకలకీ బాతులకీ గుర్తు లేదు. వాడంతట వాడు కనిపెట్టి చెప్పిన ప్రతి పిట్ట పక్కనా కొక్కెంలాగా ఒకటి. చివరికి గుంపులో వాడి పేరే ప్రశ్నగుర్తు అయికూచుంది.

పైకి నవ్వేవాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూచుని అనేవాడు, "ఒక్కటక్కా. నేను చూశానంటే నా మాట మీద ఎక్కిన పిట్ట ఒక్కటుంటే చాలు."

"నిజం చెప్పి చూడరాదా?"

"డేగ సంగతి నిజమే కదే! దానికీ గుర్తే పెట్టింది."

జాలేసింది. కానీ కూర వడ్డిస్తూ జాలి చూపిస్తే ఇంకో అబద్ధం చెప్తాడని ఊరుకున్నాను.

ఇలా ఉండగా మా లిఫ్టు ఆగిపోయింది.

ఏమైందిరా అంటే ఏదో పార్టు పోయిందన్నాడు. కంపెనీ నించి రావాలన్నాడు. వారం పోయింది, ఇంకో వారం పోయింది. కూరల సంచీ పట్టుకుని నాలుగంతస్తులు ఎక్కుతుంటే నా మోకాళ్ళు నన్ను తిట్టేవి, నేను కంపెనీని తిట్టేదాన్ని. నోటీసు రోజూ మెట్ల దగ్గర కాపు కాసి, "పార్టు బయల్దేరిందా?" అని అడిగేవాడు. "ఓడ ఎక్కిందండీ" అనేవాడు మావాడు. ఇంకోరోజు, "ఓడ దిగిందండీ, కానీ వేరే రేవులో." నోటీసు అత్తగారు, పెద్దావిడ, రెండో అంతస్తుకి ఎక్కుతూ మధ్యలో కుర్చీ వేయించుకుని కూచునేది. ఆ కుర్చీకి కూడా ఒక నోటీసు, ఇది అత్తగారికి మాత్రమే అని.

ఒక ఆదివారం చెరువుగట్టు మీద టీచరమ్మ లెక్క చదువుతోంది. ఎవరో, "ఏం ప్రశ్నగుర్తూ, ఈ వారం ఏనుగేమన్నా ఎగిరిందా?" అన్నారట. అందరూ నవ్వారు. వాడికి ఎక్కడో గుచ్చుకుంది. ఆగలేకపోయాడు.

"తెల్ల గుడ్లగూబ! పిల్లలతో సహా!"

ఊళ్ళో ఉందని అందరూ అనేవాళ్ళే కానీ అందులో ఒక్కళ్ళు కూడా ఆ పిట్టని చూసినవాళ్ళు కాదు. ఎవరి జన్మ లెక్కలోనూ లేదు.

"ఎక్కడ?" అంది టీచరమ్మ.

వాడు నోరు తెరిచాడు. తెరిచి, ఎదురుగా దుర్భిణీ తుడుచుకుంటున్న నోటీసుని చూశాడు. మూశాడు.

"చెప్పలేను మేడం."

"పిల్లలెలా ఉన్నాయి?"

"మొహం తమలపాకులా ఉంటుంది. పెద్దా చిన్నా వరసగా నిలబడి తలలు ఇటూ అటూ ఊపుతాయి. దగ్గరికెళ్తే కుక్కరు ఆవిరొదిలినట్టు బుస్సుమంటాయి."

టీచరమ్మ కాసేపు వాడి మొహంకేసి చూసింది. తర్వాత రాసి, గుర్తు పెట్టింది. మళ్ళీ నవ్వులు.

మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు. టీ ఇచ్చినా తాగలేదు. వీడు టీ తాగకపోవడమంటే మాటలు కాదు. నిలదీశాను. అప్పుడు కక్కాడు. గ్రీజు పూద్దామని మా మేడ మీది మిషను గదికి వెళ్తే, విరిగిన వెంటిలేటరులోంచి దూరి ఆ పిట్ట లోపల కాపురం పెట్టింది. మోటారు పక్కన మూలలో గుడ్లు. లిఫ్టు కదిలితే ఆ మోతకి తల్లి పారిపోతుంది, పిల్లలు నడకొచ్చాక తాళ్ళ కన్నంలో పడతాయి. అందుకని మీట ఆపేసి కిందికొచ్చి పార్టు పోయిందన్నాడు.

"అంటే లిఫ్టు బాగానే ఉందా?"

"బ్రహ్మాండంగా ఉందక్కా."

నా చేతిలో గరిట ఉంది. అది వాడి వీపు మీద ఉంది. ఈ రెండిటి మధ్యా ఏం జరిగిందో నాకు గుర్తులేదు.

"నా మోకాళ్ళు అరిగిపోతుంటే పిట్టకి పురుడు పోస్తున్నావట్రా!"

"ఒకసారి చూడవే. చూసి కొట్టు."

పళ్ళు నూరుకుంటూనే ఎక్కాను. తలుపు జానెడు తీశాడు. లోపల గ్రీజు వాసన, ఎలకల వాసన. కళ్ళు అలవాటు పడ్డాక కనపడ్డాయి. నాలుగు దూది ఉండలు, నాలుగు మొహాలు. అచ్చం మా మేనత్తలు నలుగురూ పేరంటానికి పిలవలేదని అలిగి గోడకి ఆనుకుని నిలబడ్డట్టున్నాయి. అన్నీ ఒక్కసారే తలలూపి నన్ను బుస్సుమని తిట్టాయి. తిట్టడంలో నాకు దీటుగా వచ్చినవాళ్ళని నేనెప్పుడూ గౌరవిస్తాను. కిందికి దిగి గరిట కడిగి పెట్టేశాను.

"నోటీసుకి తెలిస్తే?" అన్నాను.

"ఈ మేడ పని పోతుంది. అదలా ఉంచు, ఆ క్షణమే మీట వేయిస్తాడు. పిల్లలకి ఇంకా రెక్కలు రాలేదక్కా."

ఆ పై ఆదివారం టీచరమ్మ మా ఇంటికే వచ్చింది, రిజిస్టరు చంకలో పెట్టుకుని. వెనకాలే నోటీసు. మెట్ల దగ్గర కలిశాడట, గుడ్లగూబ అనగానే తోకలా వచ్చేశాడు. నేను టీ పెట్టాను. మావాడు వెనక గదిలోంచి తేలు కుట్టిన దొంగలా వచ్చి కూచున్నాడు.

"వారం నించీ ఆలోచిస్తున్నాను" అంది టీచరమ్మ. "ఆ గుడ్లగూబ ఎక్కడో చెప్పండి. నేను చూస్తాను. చూస్తే గుర్తు చెరిపేస్తాను."

చూశారా దేవుడి చమత్కారం! వాడు ఇన్నేళ్ళూ ఎదురుచూసిన మాట అది. పక్కనే నోటీసు, చేతిలో టీ, నోట్లో, "అన్నట్టు పార్టు సంగతేమైంది?" అన్న మాట.

మా తమ్ముడు రిజిస్టరు వంక చూశాడు. నోటీసు వంక చూశాడు. నా వంక చూశాడు. నేను చక్కెర డబ్బాలోకి చూశాను.

"అబద్ధం మేడం" అన్నాడు. "గుడ్లగూబా లేదు, పిల్లలూ లేవు. ఊరికే అన్నాను. ఆ గుర్తు అలాగే ఉంచెయ్యండి."

నేను చక్కెర డబ్బాకి మూత పెట్టేశాను. నోటీసు మాత్రం, "నే చెప్పలా!" అని కప్పు ఖాళీ చేసి లేవబోయాడు.

టీచరమ్మ లేవలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"మీరు గుంపులో చేరిన ఇన్నేళ్ళలో అబద్ధమాడానని ఎప్పుడైనా ఒప్పుకున్నారా?"

"లేదు మేడం."

"ట్యాంకు మీద రాజహంస?"

"అది నిజం మేడం! తల కూడా ఊపింది!"

"చూశారా. అది నిజమంటారు, ఇది అబద్ధమంటారు. మీ అబద్ధాలన్నిట్లో మీరుంటారు. మిమ్మల్ని చూసి పిట్ట తల ఊపుతుంది, దణ్ణం పెడుతుంది. ఈ గుడ్లగూబ కథలో మీరు లేరు. పిల్లలే ఉన్నాయి. అందుకని ఇది నిజం."

"కాదు మేడం, ఒట్టు, అబద్ధం!"

"ఒట్టు కూడా వేశారా? అయితే ఇక సందేహం లేదు." నా వైపు తిరిగింది. "అక్కగారూ, మీ లిఫ్టు ఎప్పట్నించి ఆగింది?"

నేను అబద్ధం చెప్పలేను. వంశంలో ఆ వాటా అంతా వాడే పట్టుకుపోయాడు. "గుడ్లు పెట్టి పిల్లలయ్యేంత కాలం నించమ్మా" అన్నాను.

టీచరమ్మ పైకప్పు వంక చూసింది. లేచింది. చెప్పులేసుకుంది. మావాడు తలుపుకి అడ్డం నిలబడ్డాడు, చేతులు రెండూ చాపి.

"మేడం, మీరు కావాలంటే నా పేరే కొట్టెయ్యండి. నాకే పిట్టా వద్దు. పైకి మాత్రం వెళ్ళొద్దు."

"పైన ఏముంది?" అన్నాడు నోటీసు. టీచరమ్మ మావాడి చెయ్యి కిందనించి దూరి మెట్లెక్కింది, వెనకాలే మేమంతా. పాపం, నోటీసుకి వెలగడానికి ఇంకో అంతస్తు పట్టింది.

వెలిగాక ఆయన అరిచిన అరుపుకి ఐదో అంతస్తు వాళ్ళు తలుపులు తీశారు. "అంటే పార్టు... ఓడ... రేవు... మా అత్తగారు కుర్చీలో..." అంటూ ఊగిపోతూ, టీచరమ్మని దాటుకుని మిషను గది తలుపు తీశాడు.

తీసినవాడు తీసినట్టే నిలబడిపోయాడు.

తల్లి పిట్ట చక్రం మీద కూచుని ఉంది. తెల్లగా, బరువు లేనట్టు. ఆయన వంక సూటిగా చూసింది, ఏదో అతిక్రమించినవాణ్ణి సెక్రటరీ చూసినట్టు. పిల్లలు వరసగా తలలూపాయి. బుస్సుమన్నాయి. వెనకనించి చూస్తే నోటీసు తల కూడా వాటితో పాటు ఊగుతోంది. నా మాట నమ్మండి, నేను మా తమ్ముణ్ణి కాను.

తలుపు మెల్లగా మూశాం. టీచరమ్మ మెట్టు మీద కూచుని రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుంది. రబ్బరుతో ఆ గుర్తు చెరిపింది. చెరిపి, ఆ పొట్టు ఉఫ్ అని ఊదింది. మా తమ్ముడు వంగి ఆ చోటు చూశాడు. చాలాసేపు చూశాడు. వాడి నోటికి అంతసేపు విశ్రాంతి దొరకడం నేను మళ్ళీ చూడలేదు.

తర్వాత ఆవిడ పెన్సిలు నోటీసు వైపు తిప్పింది. "మీది కూడా రాయనా? ఏడాది లెక్కలో దీంతో మందుల షాపాయనతో సమానమవుతారు. జన్మ లెక్కలో కొత్తది, ఆయనకి లేదు. కాకపోతే చూసిన చోటు రాయాలి. మీ మేడ మిషను గది అని. పిట్ట కోసం లిఫ్టు ఆపారా అని మీ మేడవాళ్ళడిగితే..."

నోటీసు దుర్భిణీని మెళ్ళో ఇటూ అటూ తిప్పుకున్నాడు. కోపం ఒక పక్కకి లాగుతోంది, పిట్ట ఇంకో పక్కకి. పిట్ట గెలిచింది.

"రాయండి" అన్నాడు నీరసంగా. "చోటు మాత్రం, మేడ పైభాగం అని రాయండి."

నేను ఊరుకుంటానా? "నేనూ చూశానమ్మా, నా పేరూ రాయి" అన్నాను. రాసింది. ఏడాది లెక్క ఒకటి, జన్మ లెక్క ఒకటి. జన్మంతా కాకుల్ని తోలాను కదా, అవి కూడా కలపమన్నాను. మొదటి కాకిని ఏ తారీకున తోలారని అడిగింది. లెక్కల మనిషితో పెట్టుకోకూడదు.

మర్నాడు పొద్దున మెట్ల దగ్గర కొత్త నోటీసు అంటించి ఉంది. లిఫ్టు భాగము విదేశముల నుండి రావలసి యున్నది, నివాసులు సహకరించవలెను, సంతకం, సెక్రటరీ. మా తమ్ముడు దాని ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక ఆర్టిస్టు ఇంకో ఆర్టిస్టు బొమ్మని చూసినట్టు చూశాడు. "విదేశముల" అన్న మాట వాడికి బాగా నచ్చింది. తను ఓడ దగ్గరే ఆగిపోయానని బాధపడ్డాడు.

పిల్లలకి రెక్కలొచ్చాయి. ఒకదాని తర్వాత ఒకటి వెంటిలేటరులోంచి వెళ్ళిపోయాయి, తల్లి కూడా వెళ్ళింది. మావాడు గదంతా కడిగి, తాళ్ళు తుడిచి, గ్రీజు పూసి మీట వేశాడు. లిఫ్టు జుయ్యిమని లేచింది. నోటీసు అత్తగారు పనేం లేకపోయినా పైకీ కిందికీ రెండుసార్లు తిరిగొచ్చింది.

ఈలోగా సంగతి అంతస్తులన్నిటికీ పాకింది. ఎవరు చెప్పారంటారా? నేను ఒక్క మాట అనలేదు. మూడో అంతస్తు ఆవిడతో తప్ప.

సరిగ్గా అప్పుడే లిఫ్టు మళ్ళీ ఆగింది. ఈసారి నిజంగానే ఏదో కాలిపోయింది. మా తమ్ముడు నల్లగా మాడిన పార్టు ఒకటి అరచేతిలో పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు. "ఇదిగోండి, కాలింది, కొత్తది తెప్పించాలి. వాసన చూడండి, కావాలంటే వాసన చూడండి!" అంటున్నాడు.

ఎవరూ వాసన చూడలేదు. ఐదంతస్తుల వాళ్ళూ పిల్లాపాపల్తో వాణ్ణి దాటుకుని, చప్పుడు చెయ్యొద్దని ఒకళ్ళనొకళ్ళు హెచ్చరించుకుంటూ, మునివేళ్ళ మీద మేడ పైకి ఎక్కుతున్నారు. అందరికంటే ముందు దుర్భిణీ మెళ్ళో వేసుకుని నోటీసు. ఆ వెనకాల కుర్చీ మోయించుకుంటూ అత్తగారు.

"అక్కా, నువ్వైనా చెప్పవే!" అన్నాడు వాడు.

నేను వాడి చేతిలో మాడిన ముక్క చూశాను. వాడి మొహం చూశాను. ఆ మొహం మీద ఏదీ రాసుండదు, అదే వచ్చిన చిక్కు.

"పద, ఒకసారి పైకెళ్ళి చూసొద్దాం" అన్నాను.